రెండు చైత్రాల యేడు

మా అవ్వ మొండిది. మా నాయినను కన్న తల్లి. ఈ మాట ముందు చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. పొమ్మంటే పోదు, రమ్మంటే రాదు. తనకు తోచి లేచి నిలబడిందా, ఇక ఊరంతా వచ్చి అడ్డం పడ్డా ఆగదు. ఆ బుద్ధే నాకూ వచ్చిందని మా అమ్మ బతికినన్నాళ్ళూ తిట్టింది. వచ్చే ఉంటుంది. రాకపోతే నేను అవ్వకు ఆ పని చేసేదాన్ని కాదు.

అవి నైజాం రాజ్యం చివరి రోజులు. మాది కల్వకుర్తికి ఎగువనున్న ఊరు. గొర్లు, మేకలే మా బతుకు. ఎక్కడో యుద్ధం నడుస్తోందని, పండిన గింజలు సర్కారుకు లెవీ కొలవాలని రైతులు మొత్తుకునేవాళ్ళు. మాకు పొలం లేదు కాబట్టి ఆ ఫికరు లేదు. ఊరి దొర గడీలో వెట్టి మాత్రం అందరితోపాటు మాకూ తప్పేది కాదు. నాకప్పుడు పదో పదకొండో ఏండ్లు.

ఆ యేడు అవ్వ ఒకటే పట్టు పట్టింది. సలేశ్వరం పోవాలి.

నల్లమల లోలోపల, రెండు కొండల నడుమ లోతైన లోయ. ఆ లోయలోకి పైనుంచి నీళ్ళు దూకుతాయి. ఆ నీళ్ళ పక్కన గుహలో లింగమయ్య. చైత్ర పున్నానికి అక్కడ అయిదు రోజులు జాతర. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి జనం గుంపులు గుంపులుగా సద్దులు కట్టుకొని నడిచి పోతారు. మిగతా రోజుల్లో అటు పోయే మనిషి ఉండడు.

మా తాత బతికున్నప్పుడు ప్రతి ఎండాకాలం జీవాలను తోలుకొని నల్లమల పచ్చికకు పోయేవాడట, జాతర రోజుల్లో ఆ లోయలోకి దిగేవాడట. వానలు పడ్డాక తిరిగొచ్చి, వాకిట్లో గొంగడి పరుచుకొని, ఆ నీళ్ళ ముచ్చట చెప్పేవాడట. అవ్వ అదంతా మళ్ళీ నాకు చెప్పేది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తునుంచి దూకుతాయట. దబదబా కాదు, కదురు మీద ఉన్ని వడికితే పోగు దిగినట్టు, సన్నగా, తెల్లగా, గాలికి ఊగుకుంటూ దిగుతాయట. కింద గుండంలో ఎండ పడేది మిట్టమధ్యాహ్నం కాసేపేనట. "వచ్చే యేడు నిన్ను తోల్కపోత" అని తాత ఏటేటా అనేవాడట. ఒక యేడు అడవినుంచి చలిజ్వరంతో వచ్చి పది రోజులకు కన్నుమూశాడు. తోల్కపోకుండనే పాయె అని, ఎప్పుడు ఏడ్చినా అవ్వ ఆ మాటే అని ఏడ్చేది.

ఇప్పుడు ఇంత తొందర ఎందుకంటే, అవ్వ కండ్లకు పొరలు వచ్చాయి. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి మనిషి తెలిసేది గాని మొహం తెలిసేది కాదు. కల్వకుర్తిలో హకీము రెప్ప ఎత్తి చూసి, ఇది కూడా యేడాదికంటే ఆగదన్నాడు. పట్నం దవాఖానలో పొర తీస్తారని ఎవరో చెప్తే అవ్వ ఇంతెత్తున లేచింది. "కన్ను కోస్తరట! నా కన్ను నేను ఎవలకు ఇయ్య" అంది. ఉన్న చూపుతోనే ఆ నీళ్ళు ఒక్కసారి చూసొస్తానని కూర్చుంది.

"లోయలకు దిగాలె అమ్మా. రాళ్ళల్ల, చెట్ల వేర్లు పట్టుకొని దిగాలె. నువ్వు గడప దిగుడుకే నా భుజం పట్టుకుంటవ్" అన్నాడు నాయిన.

"పట్టుకుంట. నీ నాయిన భుజం లేకపాయె. ఎవల్ది పట్టుకోవాలె మరి?"

అవ్వ గొంతు తగ్గించింది. "కండ్లు పోయినంక నాకు రోజంత చీకటే గదరా. గా చీకట్ల కూసొని సూసుకునేటందుకు ఒక్కటన్న మంచిది ఉండాలె. లేకుంటె నేనేం సూసుకుంట బతకాలె?"

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు.

పది రోజుల పని అది. మందను చూడటానికి మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, ఒప్పుకున్నాడు. గడీలో సెలవు దొరకడమే కష్టమైంది. నాయిన దొర ముందు చేతులు కట్టుకొని పొద్దున్నుంచి ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడ్డాడు. పది రోజులిచ్చాడు దొర. ఈ ఒక్కసారికే, మళ్ళీ నా ముందుకు రావద్దని చెప్పి మరీ ఇచ్చాడు.

ఇక అవ్వ హడావుడి చూడాలి! ఎండాకాలంలో మేం ఊళ్ళో ఉండేవాళ్ళం కాదు. గొర్ల పెంట ఎరువు కోసం రైతులు తమ చెలకల్లో మంద పెట్టించుకునేవాళ్ళు. ఒక చెలక అయ్యాక ఇంకో చెలక. గిన్నె, గొంగడి, కోడిపిల్లతో సహా మా సంసారం గాడిద మీద ఎక్కేది. ఆ యేడు హోళీ నాటి కాముని పున్నం మర్నాడే ఊరు విడిచి నాలుగు కోసుల దూరం పోయాం. మా ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆ మంద దగ్గరే జరిగాయి.

మొదటి తగువు సద్ది గురించి. అవ్వ మలీద ముద్దలు చెయ్యమంది. జొన్నరొట్టెను నలిపి బెల్లం కలిపి కట్టే ముద్దలు.

"నాలుగు దినాలకు బూజు వడ్తయి అత్తమ్మా. పేలపిండి కట్టుకుందాం" అంది అమ్మ.

"పేలపిండి తింటె నోరు అంటుకపోతది. లింగమయ్యను పిలిసేటందుకు నోరు రావద్దా?"

"నీ నోరు అంటుకపోతె మాకు పండుగే గదనే" అని నాయిన అంటే అవ్వ కూడా నవ్వింది. చివరికి రెండూ చేశారు. చెప్పులు కుట్టే పెద్దాయన మంద దగ్గరికే వచ్చి, అవ్వ పాదానికి నార కొలత పెట్టి, మందపాటి అడుగుల కొత్త జత కుట్టిచ్చాడు. తన తరఫున కూడా ఒక దండం పెట్టి రమ్మన్నాడు.

నాకిచ్చిన పని అవ్వకు కన్ను కావడం. రోజూ పొద్దున ఆమె నా భుజం మీద చెయ్యేసేది. నేను ముందు నడుస్తూ "రాయి", "గుంత", "ముల్లు" అని చెప్పాలి. మంద చుట్టూ అట్లా తిరిగి తిరిగి ఇద్దరం కాళ్ళు గట్టిపరుచుకున్నాం. నేను ఊరికే ఉంటానా? సాపు నేల మీద "గుంత!" అనేదాన్ని. అవ్వ బురదలో కొంగలాగా కాలు ఎత్తి వేసేది. నేను కిసుక్కున నవ్వగానే నా చెవి ఆమె చేతిలో ఉండేది. కన్ను కనపడకపోయినా నా చెవి ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు.

సాయంత్రం ఇంకో పని. "సందమామ ఎంతయిండే?" అని అడిగేది. నేను చూసి చెప్పేదాన్ని. సగమయ్యాడని, పీలికంత మిగిలాడని, ఇవాళ లేడని. కాముడు కాలాక వచ్చే పున్నమే లింగమయ్య పున్నం. అది మాకు పుట్టుకతో తెలిసిన లెక్క. ఎవరినీ అడగాల్సిన పని లేదనుకున్నాం.

అమావాస్య వెళ్ళిన మర్నాడు మంద దగ్గరే ఉగాది చేసుకున్నాం. వేపపువ్వు కోసం నేను చెట్టెక్కితే పువ్వు లేదు. ఆవగింజలంత మొగ్గలున్నాయి. మామిడి చెట్టు కింద వెతికితే గోరంత పిందెలు దొరికాయి. "గీ యేడు పూత ఎనకవడ్డది. చెట్లకు గూడ బద్ధకమాయె" అంది అవ్వ. ఆ మొగ్గలే నలిపి పచ్చడి చేసింది అమ్మ. చెట్టు ఉన్నమాటే చెప్పింది. మాకే వినబుద్ధి కాలేదు. ఊళ్ళో ఉంటే పంచాంగం చదివే అయ్యగారి మాట ఆ నోటా ఈ నోటా మా వాడకూ వచ్చి ఉండేది. చెలకలో మాకు ఆ మాట చెప్పేవాళ్ళెవరు?

పున్నం ఇంకా అయిదు రోజులుందనగా బయలుదేరాం. నాయిన, అమ్మ, అవ్వ, నేను. బయలుదేరే ముందు అవ్వ అందరినీ నిలబెట్టి ఒక్కటే చెప్పింది. "తొవ్వల ఎవలన్న యాడికి అని అడిగితె పేరు చెప్పద్దు. గీడిదాంకనే అనుండ్రి." దూరం పోయేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు, అడిగినా చెప్పకూడదు, చెప్తే పని చెడుతుందని మావాళ్ళ నమ్మకం. మూడు రోజుల నడక. ఊరూరా బావి దగ్గర నీళ్ళు పోసినవాళ్ళు, అరుగు మీద చోటిచ్చినవాళ్ళు ఎందరో. మర్యాద తెలిసినవాళ్ళు అడగనే లేదు. అచ్చంపేటలో ఒక ముసలాయన ఉండబట్టలేక "యాడిదాంక అవ్వా?" అన్నాడు. "గీడిదాంకనే నాయినా" అంది అవ్వ. ఆ ఒక్కడికి నిజం చెప్పినా మాకు జవాబు దొరికేది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

దారిలో జనం లేరు. "మనమే ముందుగాల పోతున్నం, అందుకే తొవ్వ ఖాళీగుంది" అంది అవ్వ గర్వంగా. ఎండ కూడా అంత లేదు. కొత్త చెప్పులు కిర్రుమంటుంటే నవ్వుకుంటూ నడిచింది. ఆమెను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు.

మన్ననూరు దాటి అడవి అంచుకు చేరాక ఒక చెంచు పెద్దమనిషి ఎదురయ్యాడు. భుజాన విల్లు, చేతిలో తేనె ముంత. నాయిన దండం పెట్టి, సలేశ్వరం దారి ఇదేనా అన్నాడు. ఆయన మా మూటల వైపు, అవ్వ వైపు చూశాడు.

"జాతరకా? జాతర వచ్చే పున్నానికి గద."

"గీ పున్నమే గద అన్నా. కాముడు కాలినంక వచ్చే పున్నం."

"గీ యేడు చైత్రాలు రెండొచ్చినయి. ఇది ఉత్త నెల. రెండో చైత్రంలనే లింగమయ్య జాతర. అచ్చంపేట అయ్యవారు ఎన్నడో చెప్పి పంపిండు. మీకెవలు చెప్పలేదా?"

నాయిన మూట దింపి అక్కడే చతికిలబడ్డాడు. అధికమాసం అనేది ఒకటి ఉంటుందని, దాంట్లో పండుగ, పెండ్లి ఏదీ చెయ్యరని నేను మొదటిసారి విన్నది అక్కడే.

అవ్వ మాత్రం కూర్చోలేదు. "జాతర నాకెందుకు నాయినా? మంది నాకెందుకు? నీళ్ళు ఉన్నయి గద. నీళ్ళకు అధికమాసం ఉంటదా? జర చూపించు, నీ కాళ్ళు మొక్కుత" అంది. ఆ చెంచాయన మంచివాడు. పాపం, ఎంతో ఓపికగా చెప్పాడు. దారి ఇంకా కొట్టలేదట. లోయలోకి దిగేచోట జాతర ముందే నిచ్చెనలు కడతారట. గుంపు లేకుండా పోతే పులి భయం. మగవాళ్ళమే పోము, చూపు లేని ముసలిదాన్ని ఎట్లా దించాలె అన్నాడు. నాయిన బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపి, మాకు ఆకులో ఇంత తేనె పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం. దూరంగా కొండలు నీలంగా ఉన్నాయి. అవ్వ నా చేయి పట్టుకొని, "ఏది గుట్ట, ఏది మబ్బు? నాకు రెండూ ఒక్కతీరు అవుపడ్తున్నయి" అంది. నేను ఆమె వేలు పట్టి కొండల గీత మీదుగా ఈ కొననుంచి ఆ కొనదాకా జరిపాను. చాలని చెప్పి చేయి వెనక్కి తీసుకుంది. తిరుగు దారిలో నేను రాయి అన్నా, గుంత అన్నా ఆమె పట్టించుకోకుండా నడిచి రెండుసార్లు పడింది.

ఊళ్ళో ఆ సంగతి తెలిసి నవ్వని మనిషి లేడు. మాకు అధికమాసపోళ్ళు అని పేరు పెట్టారు. నన్ను అధికమాసపు పిల్ల అనేవాళ్ళు.

రెండో చైత్రం వచ్చింది. నాయిన మళ్ళీ గడీకి పోయాడు. గడీలో పెండ్లి పెట్టుకున్నారు, ఆడామగా అందరూ పనికి రావాలని హుకుం. సెలవు మాట ఎత్తేలోపే దొర మొహం తిప్పుకున్నాడు. కొత్త చెప్పులు చూరులో పెట్టి, అవ్వ కూడా గడీ వెనక వాకిట్లో తిరుగలి ముందు కూర్చొని పసుపు విసిరింది. పక్కన నేను కొమ్ములు దంచుతున్నాను. పున్నం నాలుగు రోజులుందనగా బాట మీద జాతరకు పోయే గుంపు కేక వినిపించింది. "వస్తున్నం లింగమయ్యా!" అని ఒకరు, "వస్తున్నం!" అని అందరూ. అవ్వ చేయి ఆగింది. కేక దూరమయ్యేదాకా అట్లాగే ఉండి, మళ్ళీ తిరుగలి తిప్పింది. ఆమె చెంపల మీద పసుపు చారలు కట్టింది. ఆ ఇంటి పెండ్లి పసుపులో మా అవ్వ కన్నీళ్ళు పడ్డాయని నాకొక్కదానికే తెలుసు. పడితే పడనీ అనుకున్నాను.

వానలు తగ్గేనాటికి కుడి కన్ను కూడా పోయింది. మరుసటి యేడు నాయిన, "ఈసారి పంచాంగం అడిగిన అమ్మా, నిన్ను ఎత్తుకొని పోత" అన్నాడు. "ఇంకెందుకురా? చెవులతోని చూడాల్నా?" అంది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇక నా సంగతి. రజాకార్ల భయం ముదిరిన యేడు. నాకు పద్నాలుగేండ్లు నిండాయి. ఊళ్ళు విడిచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు మా మంద దగ్గర తలదాచుకున్నారు. పిల్లలు చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేవాళ్ళు. అవ్వ వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకొని, ఉన్ని వడుకుతూ ముచ్చట్లు చెప్పేది. ఆ మధ్యాహ్నం నేను బావినుంచి నీళ్ళు తెచ్చి దించుతున్నాను. బావి దగ్గర మా ఊరి పిల్ల ఒకతె కొత్తవాళ్ళందరి ముందు నన్ను "అధికమాసపు పిల్లా" అని పిలిచింది. అందరూ పకపకా నవ్వారు. నా ఒళ్ళంతా మంట. అప్పుడే అవ్వ గొంతు చెవిన పడింది.

"నేను పోయిన బిడ్డా. గీ కండ్లతోని సూసిన. గుండంల నిలబడి తల ఎత్తితె నీళ్ళు నా మొఖం మీదికే దిగొచ్చె. గప్పుడే సూర్యుడు నడినెత్తికి వచ్చిండు. తుంపర్లల్ల రంగులు లేసినయి. చెయ్యి చాపితె చేతి మీద వాలినయి..."

తాత ముచ్చటలో ఆ రంగులు లేవు. చేతి మీద వాలడం అసలే లేదు. పిల్లలు నోళ్ళు తెరుచుకొని వింటున్నారు. ఒక్కడు కూడా ఉలిక్కిపడటం లేదు. అదేదీ నా కంటికి ఆనలేదు. బిందె దబ్బున పెట్టాను.

"ఏ కండ్లతోని సూసినవే? మన్ననూరు కాడ్నించే ఎనకకు మల్లి వస్తిమి గద! అబద్ధాలు చెప్పకు. నీ వల్లనే అందరు నన్ను నవ్వుతున్నరు."

కదురు ఆగిపోయింది. ఒక పిల్లవాడు "సూడలేదా అవ్వా?" అన్నాడు.

"లేదు బిడ్డా" అంది అవ్వ. "గీ పోరి చెప్పిందే నిజం. మా ఇంటాయన సూసిండు. నేను సూడలె."

పిల్లలు ఒక్కొక్కరే లేచిపోయారు. అమ్మ వచ్చి నా వీపు మీద ఒక్కటి వేసింది. అవ్వ "కొట్టకు, ఉన్నదే అన్నది" అంది. నేను చేసింది తప్పని నాకు అప్పుడే తెలుసు. అయినా నోటినుంచి ఒక్క మంచి మాట రాలేదు. అబద్ధం అబద్ధమే కదా అని మూడు రోజులు మొహం మాడ్చుకొని తిరిగాను. ఆ ఒక్క అబద్ధం ఆమెకు ఉండనిస్తే నా సొమ్మేం పోయేది? ఎవరి కొంప మునిగేది? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆనాటినుంచి అవ్వ ఆ ముచ్చట చెప్పలేదు. పిల్లలు అడిగినా ఏదో ఒక గొర్రెపిల్ల కథ చెప్పేది. కండ్లు పోయినప్పటినుంచి పగలంతా, పైన ఏదో చూస్తున్నట్టు తలెత్తి, తనలో తాను నవ్వుకుంటూ కూర్చునే అలవాటు ఉండేది ఆమెకు. అదీ పోయింది. తల వంచుకొని వడికేది, లేకపోతే పడుకునేది.

మిలిటరీ వచ్చి నైజాం రాజ్యం పోయిన తర్వాతి చలికాలంలో అవ్వ మంచం పట్టింది. అందరూ జీవాల వెంట పోయారు. నేనొక్కదాన్నే పక్కన కూర్చున్నాను. గంజి తాగించి, మూతి తుడిచి, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్న మాట అడిగాను.

"అవ్వా, సలేశ్వరం ముచ్చట చెప్పవే."

"నేను సూడలె గద బిడ్డా" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "సూసినవ్ అవ్వా. నువ్వు సూసినవ్. నేనే తప్పన్న. గుండంల నిలబడి తల ఎత్తితె ఎట్లుండెనో చెప్పు, నేను వింట" అని ఏడ్చాను.

నన్ను సంతోషపెట్టడానికే కాబోలు, ఆమె తల కొద్దిగా పైకెత్తింది. తెల్లబడిన కండ్లు అటూ ఇటూ తిరిగాయి. చాలాసేపు అట్లాగే చూసింది.

"ఇప్పుడు అవుపడ్తలేదు బిడ్డా" అంది.